పంపు ఆగిన సంగతి కంప్యూటర్‌కి ఎవరు చెప్పాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. గుంటూరులో ఒక పెద్ద వ్యాపార సంస్థలో ఆపరేషన్స్ మేనేజర్‌ని. మాకు చుట్టుపక్కల 9 కోల్డ్ స్టోరేజీలు, విజయవాడ ఆటోనగర్‌లో లారీల డిపో ఉన్నాయి. మిర్చి ఎగుమతి కూడా చేస్తాం. కరెంటు పోయినా, కంప్రెసర్ ఆగినా, గేట్‌పాస్ సాఫ్ట్‌వేర్ మొరాయించినా, దారిలో లారీ చెడిపోయినా లక్ష్మీపురంలోని మా కంట్రోల్ రూమ్‌కి మెసేజ్ వస్తుంది. సీజన్‌లో ఒక్క రాత్రికే 400 దాకా వస్తాయి. మా చిన్న సార్ ఈ మధ్య వీటన్నిటినీ చూసుకునే ఒక ఏఐ టూల్ కొన్నారు. పోయిన నెల ఒక రాత్రి 2.40కి ఒక స్టోరేజీలో కరెంటు పోయింది. కంప్రెసర్ ఆగింది. 'కారణం విద్యుత్ అంతరాయం, సరఫరా రాగానే సర్దుకుంటుంది, చర్య అవసరం లేదు' అని టూల్ రాసింది. కరెంటు 3.15కి వచ్చింది గానీ కంప్రెసర్ లేవలేదు. నాలుగున్నరకి అక్కడి పాత ఆపరేటర్ 'నీళ్ల పంపు చప్పుడు రావట్లేదే' అని వెళ్లి చూస్తే దాని స్టార్టర్ ట్రిప్ అయి ఉంది. రీసెట్ చేశాక 5.10కి కంప్రెసర్ అందుకుంది. సరుకు దక్కింది. వచ్చే సీజన్ నుంచి టూల్‌కే పూర్తిగా అప్పగించి, రాత్రి షిఫ్టులో ఆరుగురికి బదులు ఒక్కరిని ఉంచుదామని చిన్న సార్ అంటున్నారు. నన్ను రిపోర్టు ఇమ్మన్నారు. వద్దంటే కొత్తదంటే పడదు అనుకుంటారు. సరేనంటే రేపు ఏదైనా జరిగితే నా మెడకే చుట్టుకుంటుంది. ఏం రాయమంటారు?

జవాబు:

ముందు ఆ పంపు సంగతి చూద్దాం. టూల్‌కి అందినవి రెండే మెసేజ్‌లు. 2.40కి కరెంటు పోయింది, ఆ వెంటనే కంప్రెసర్ ఆగింది. ఆ రెండూ చూస్తే మీరైనా నేనైనా అదే అనుకుంటాం. కండెన్సర్‌కి నీళ్లు కొట్టే పంపు మళ్లీ మొదలు కాలేదన్న మూడో సంగతి దానికి చేరే దారే లేదు, ఎందుకంటే ఆ పంపుకి సెన్సార్ లేదు. నీళ్లు రాకపోతే అమ్మోనియా చల్లబడదు, ప్రెషర్ పెరుగుతుంది, కటౌట్ (ప్రెషర్ మితిమీరితే మెషీన్‌ని ఆపేసే రక్షణ స్విచ్) పడి కంప్రెసర్ ఆగిపోతుంది. చేత్తో రీసెట్ చేస్తే తప్ప లేవదు. ఇదంతా మీ ఆపరేటర్‌కి కొట్టినపిండి. ఏళ్ల తరబడి ఆ చప్పుడు మధ్య ఉన్న మనిషికి చప్పుడు రాకపోవడం కూడా ఒక అలారమే.

కాబట్టి టూల్‌కి తెలివి లేదని రిపోర్టులో రాయకండి. చిన్న సార్ దగ్గర ఆ వాదన నిలబడదు, నిజం కూడా కాదు. దాని తప్పు ఒక్కటే: తనకి కనిపించినదే మొత్తం అనుకుని 'చర్య అవసరం లేదు' అనేసింది. కొత్తగా చేరిన ఇంజనీర్ కూడా ఇదే తప్పు చేస్తాడు, కాకపోతే అతని గొంతులో కాస్త తడబాటు వినిపిస్తుంది. దీని రాతలో అదీ ఉండదు. తెలిసింది రాసినా తెలియంది రాసినా ఒకే ధీమా.

నా మాట సూటిగా చెబుతాను. టూల్‌ని వెనక్కి పంపొద్దు. వచ్చే సీజన్‌కి మాత్రం దాన్ని చదవనివ్వండి, పోల్చనివ్వండి, రాయనివ్వండి. మెషీన్ల మీద చెయ్యి వేయనివ్వకండి. ఎందుకో చెబుతాను, మీ రిపోర్టుకి పనికొస్తుంది.

రాత్రికి 400 మెసేజ్‌లు వచ్చే గదిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పాతికేళ్లు అలాంటి గదుల్లోనే పనిచేశాను. మొదటి వారం అన్నీ చదువుతాం. రెండో నెలకి ఫోన్ సైలెంట్‌లో పెడతాం. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీలో జరిగింది ఇదే. 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాల్సి ఉండగా ఏడింటికే ఎక్కించి ఒకటి వదిలేశారు. ఆ రోజు మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ ఆ లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిల్స్ పంపింది. అవి హెచ్చరికలని ఎవరూ అనుకోలేదు, పట్టించుకోలేదు. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. ఇంకో ముక్క కూడా ఉంది, నాకు ఎప్పుడు గుర్తొచ్చినా గుండె జల్లుమంటుంది. కంగారులో సరిచేయబోయి, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రామ్ తీసేశారు. దాంతో ఆ ఒక్క సర్వర్ చేస్తున్న తప్పుడు పని మిగతావీ మొదలుపెట్టాయి.

అక్కడ 97 మెయిల్స్ ఒక చోట చేర్చి, 'ఇవన్నీ ఒకే విషయం చెబుతున్నాయి, మార్కెట్ తెరిచేలోగా ఎవరైనా చూడండి' అని ఒక్క వాక్యం రాసి, సరైన మనిషికి ఫోన్ కొట్టేది ఏదైనా ఉంటే? ఏఐ ఈ పని బాగా చేస్తుంది. మీ 400 మెసేజ్‌లనీ పదిహేనో ఇరవయ్యో అసలు ఘటనల కింద సర్దుతుంది. 'పోయిన ఏప్రిల్‌లో మూడో స్టోరేజీలోనూ ఇలాగే అయింది, అప్పుడు ఇది చేశారు' అని పాత రికార్డు తీసి ముందు పెడుతుంది. యజమానికి ఒక రకంగా, లారీ డ్రైవర్‌కి ఇంకో రకంగా సమాచారం రాసి పెడుతుంది. తెల్లారి షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే నోట్ తయారు చేస్తుంది. నిద్ర కళ్లతో ఆరింటికి రాసే హ్యాండోవర్ నోట్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఈ ఒక్క పనికే ఆ టూల్ డబ్బులు గిట్టుబాటు కావచ్చు.

ఇక చెయ్యి వేయనివ్వడం గురించి. 2025 అక్టోబర్ 20, దీపావళి రోజు మధ్యాహ్నం అమెజాన్ క్లౌడ్ (వేరే కంపెనీలు అద్దెకి వాడుకునే అమెజాన్ కంప్యూటర్లు) వర్జీనియా కేంద్రంలో మొరాయించి ప్రపంచమంతా ఎన్నో యాప్‌లు తడబడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది ఏఐ చేసిన పని కాదు, మామూలు ఆటోమేషనే. ఒక సర్వీసు చిరునామాలు రాసే రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి పనిచేశాయి. ఆలస్యంగా నడుస్తున్నది పాత చిట్టా తెచ్చి కొత్తదాని మీద రాసింది. రెండోది 'ఇది పాతది' అని దాన్ని చెరిపేసింది. చిట్టా ఖాళీ అయింది. దాని పని అది, దీని పని ఇది సక్రమంగానే చేశాయి. చివరికి మనుషులు దిగి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. అదే ఏడాది జులైలో రెప్లిట్ అనే కంపెనీ తయారుచేసిన, తనంతట తానే ప్రోగ్రామ్‌లు రాసే ఏఐ ఏజెంట్ మరీ ఘోరం. ఏమీ మార్చొద్దని వాడుతున్నాయన చెప్పినా వినకుండా అసలు డేటాబేస్ చెరిపేసింది. పైగా దాన్ని వెనక్కి తేవడం కుదరదంది. ఆయన ప్రయత్నిస్తే వచ్చింది. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పుకున్నారు.

అందుకే ఏ పని టూల్‌కి వదలొచ్చో తేల్చుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను: పొరపాటైతే వెనక్కి తీసుకోగలమా? గేట్‌పాస్ ప్రింటర్ సర్వీసు ఆగితే దాన్ని మళ్లీ స్టార్ట్ చేయనివ్వండి, పోయేదేం లేదు. జనరేటర్ మనిషికి, లైన్‌మన్‌కి ఫోన్ చేయనివ్వండి. అనవసరంగా లేపితే తిడతారు, అంతే. కంప్రెసర్ స్టార్ట్ చేయడం, వాల్వులు తిప్పడం, రైతు బాండులో (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదులో) టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క సరిచేయడం, పోర్టుకి బయల్దేరిన లారీని దారి మళ్లించడం మాత్రం మనిషి చెబితేనే జరగాలి. ఏ మనిషో కూడా ఆ రాత్రి బోర్డు మీద పేరు రాసి ఉండాలి. 'కంట్రోల్ రూమ్ నిర్ణయించింది' అంటే ఎవరూ నిర్ణయించలేదని అర్థం. అమ్మోనియా లీక్ సంగతైతే చర్చే లేదు. డిటెక్టర్ నుంచి సైరన్‌కి నేరుగా తీగ ఉండాలి, మధ్యలో ఏ సాఫ్ట్‌వేరూ ఉండకూడదు.

చిన్న సార్ 'డెమోలో బాగా చేసిందిగా' అంటారు. డెమోలో ఎవరిదైనా బాగానే చేస్తుంది, పెళ్లిచూపుల్లో పిల్లాడిలా. మీరు సొంతంగా పరీక్ష పెట్టండి. గత రెండు సీజన్ల రిజిస్టర్లు తీసి ఒక 40 ఘటనలు ఎంచుకోండి. తేలికైనవి వదిలేసి, మిమ్మల్ని నిజంగా ఏడిపించినవే తీయండి. ఒక్కోదానికి మొదటి పది నిమిషాల్లో వచ్చిన మెసేజ్‌లు మాత్రమే టూల్‌కి ఇవ్వండి. తర్వాత ఏం తేలిందో ఇవ్వకండి. అది చెప్పిన కారణం, చేయమన్న పని ఒక పక్క, నిజంగా జరిగింది ఇంకో పక్క రాసుకోండి.

లెక్క చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 40లో 34 సరైనవి అంటే 85 శాతం, భేష్ అనిపిస్తుంది. మీరు చూడాల్సింది ఆ మిగతా ఆరింటిని. వాటిలో ఊరికే కంగారు పెట్టినవి ఎన్ని, 'చర్య అవసరం లేదు' అని నిద్రపుచ్చినవి ఎన్ని? అనవసరంగా పదిసార్లు లేపినా పోయేది నిద్రే. లేపాల్సినప్పుడు ఒక్కసారి లేపకపోతే చాంబర్‌లో ఉన్న సరుకంతా పణమే. రెంటినీ ఒకే శాతంలో కలిపేస్తే మీకు కావాల్సిన సంగతి అందులో మాయమవుతుంది. అలాగే టూల్ '92 శాతం ఖాయం' అని పక్కన అంకె వేస్తుంటే దాన్ని నమ్మేముందు, 90 దాటి వేసిన వాటిలో నిజంగా ఎన్ని సరిపోయాయో లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ అంకె అలంకారమే.

టూల్ అమ్మినవాళ్లని ఒక మార్పు అడగండి. ప్రతి నివేదికలో ఏ మెసేజ్‌ల ఆధారంగా ఈ మాట అంటున్నదో, ఏ సమాచారం తన దగ్గర లేదో రెండూ రాయించాలి. ఆ రాత్రి 'నీళ్ల పంపు, ఆయిల్ ప్రెషర్ వివరాలు నాకు అందడం లేదు' అని ఒక్క లైన్ ఉండి ఉంటే, మీ కంట్రోల్ రూమ్ కుర్రాడు 3.20కే ఆపరేటర్‌కి ఫోన్ చేసి పంపు చూడమనేవాడు. దాని కోసం మీరు ఒక్కో స్టోరేజీలో ఏ మెషీన్‌కి సెన్సార్ ఉంది, దేనికి లేదు అన్న జాబితా ఇవ్వాలి. అది మీ దగ్గర ఉందా? ఉండి ఉండదని నా అనుమానం. ఎక్కడా ఉండదు.

భాష సంగతి దీనికన్నా పెద్దది. మీ వాళ్లు గ్రూపులో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో కొడుతుంటారు కదా. 'కరెంటు పోయింది' అని ఒకడు రాస్తాడు, 'ఫేజు పోయింది' అని ఇంకొకడు. టూల్ ఈ రెంటినీ తీసుకెళ్లి విద్యుత్ అంతరాయం అనే ఒకే గంపలో వేస్తే కొంప మునిగినట్టే. కరెంటు మొత్తం పోతే మోటారు ఆగుతుంది, అంతే. మూడు ఫేజుల్లో ఒకటి పోయి, రక్షణ రిలే సరిగ్గా లేకపోతే మిగతా రెంటి మీదే మోటారు లాగీ లాగీ వైండింగ్ కాలిపోతుంది. మొదటిదానికి ఆగొచ్చు. రెండోదానికి నిమిషాల మీద స్విచ్ ఆపాలి. ఇలాంటి మాటలు మీ దగ్గర ఇంకో యాభై ఉంటాయి. గ్యాస్ తక్కువైంది, ఐస్ పట్టింది, ఆయిల్ తాగుతోంది... ఒక్కోదానికి అర్థం ఏమిటి, విన్న వెంటనే ఏం చేయాలి అన్నది ఆపరేటర్ల బుర్రల్లో ఉంది. కాగితం మీద లేదు. కాగితం మీద లేనిది ఏఐకి లేనట్టే.

దాన్ని రాబట్టడానికి వాళ్ల చేతికి ఫారాలు ఇవ్వకండి. ఒక్క లైన్ రాసి ఇచ్చేస్తారు. సీజన్ లేని రోజుల్లో ఒక్కో ఆపరేటర్ దగ్గరికీ వెళ్లండి. టీ తెప్పించి, ప్లాంట్ రూమ్‌లోనే కూర్చుని, ఫోన్‌లో రికార్డు పెట్టి మాట్లాడించండి. 'మీకు భయం వేసిన రాత్రి చెప్పండి' అని అడగండి చాలు, వాళ్లే చెబుతారు. ఆ రికార్డింగ్‌ని అక్షరాల్లో పెట్టే పని ఏఐకే ఇవ్వండి. మెషీన్ల రొద వెనకాల ఉంటే గుంటూరు యాస దానికి అరకొరగానే అర్థమవుతుంది, కాబట్టి ఒకసారి మీరు చదివి దిద్దాల్సిందే. నా ఉద్దేశంలో ఈ మొత్తం ప్రాజెక్టులో అసలు పని ఇదే. టూల్ దీని తర్వాత సంగతి.

రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉండాలన్న మాట దగ్గర మాత్రం మీరు మెత్తబడొద్దు. ఆరుగురు అవసరమా అంటే, మెసేజ్‌లు చదివే పని తగ్గుతుంది కాబట్టి నిజంగానే అక్కర్లేకపోవచ్చు. ఆ మాట ఒప్పుకోండి. ఒప్పుకుంటేనే మిగతా మాటలకి విలువ. కానీ ఒక్కడే ఉంటే, లైన్‌మన్‌తో ఫోన్‌లో ఉన్న టైమ్‌లో ఇంకో స్టోరేజీ నుంచి వచ్చిన ఫోన్ ఎవరెత్తుతారు? ఆర్నెల్లు అన్నీ టూలే చూసుకుంటే ఆ ఒక్కడికీ చెయ్యి తిరగడం పోతుంది. టూల్ చేతులెత్తేసేది కష్టమైన రాత్రే, సరిగ్గా ఆ రాత్రే అతను కొత్తవాడిలా దిక్కులు చూస్తాడు. కనీసం ఇద్దరు ఉండాలి. నెలకోసారి టూల్ ఆపేసి ఒక షిఫ్టు నడపాలి. తగ్గించే వాళ్లని ఇంటికి పంపకుండా, ఇందాక చెప్పిన రికార్డింగ్ పనికి, సెన్సార్ల జాబితా పనికి వాడుకోమనండి. ఆ పని ఏడాదికి సరిపడా ఉంటుంది.

మీ డిపో విజయవాడలో ఉంది కాబట్టి చిన్న సార్‌కి 2024 సెప్టెంబర్ 1, 2 తేదీలు గుర్తు చేయండి. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లని తేలిగ్గా లేపడానికి పెట్టిన కౌంటర్ వెయిట్లని గుద్దాయి. పడవ వచ్చి గేటుని గుద్దుతుందని ఏ డ్యాష్‌బోర్డు చెబుతుంది? మునిగిన వీధుల్లో కరెంటు లేదు, ఫోన్లు సరిగ్గా కలవలేదు. అలాంటి రోజున క్లౌడ్‌లో ఉన్న మీ టూల్ ఎంత తెలివైనదైనా మీకు అందదు. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ స్టోరేజీ జనరేటర్‌లో ఎన్ని గంటల డీజిల్ ఉంటుంది, ఏ లారీ ఏ దారిలో ఉంది అన్నవి అచ్చు వేసిన కాగితం మీద, ల్యామినేషన్ చేసి గోడకి ఉండాలి. నవ్వినా సరే, రిపోర్టులో ఇది పెట్టండి.

చట్టం గురించి రెండు ముక్కలు. మీ గేట్‌పాస్ సిస్టమ్‌లోకి ఎవరైనా చొరబడినా, డేటా లీకైనా, అలాంటి సైబర్ ఘటనల్ని గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి) తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఇలాంటి ఘటనని టూల్ 'సర్వర్ నెమ్మదించింది' అని మామూలు వాటిలో కలిపేస్తే ఆ 6 గంటలు తెలియకుండానే అయిపోతాయి. కాబట్టి అనుమానం ఉన్న ప్రతిదీ మనిషి దగ్గరికి వచ్చేలా పెట్టండి. ఇంకోటి, రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు ఈ టూల్‌కి పోకుండా ముందే తీసేయించండి. కంప్రెసర్ ఎందుకు ఆగిందో తేల్చడానికి రైతు ఖాతా నంబరుతో పనిలేదు. అవి బయటికి పోతే 2023 నాటి డేటా రక్షణ చట్టం కింద జవాబు చెప్పుకోవాల్సింది మీ కంపెనీయే, టూల్ కాదు.

రిపోర్టు ఎలా మొదలుపెట్టాలని టెన్షన్ పడుతున్నట్టున్నారు. 'వద్దు' అనీ మొదలుపెట్టకండి, 'సరే' అనీ మొదలుపెట్టకండి. 40 ఘటనల పట్టికతో మొదలుపెట్టండి. చిన్న సార్ చదువుకున్నవాడు, అంకెలు చూస్తే ఆలోచిస్తారు. ఆ పట్టిక కిందే, వచ్చే సీజన్‌కి టూల్‌కి ఏ పనులు ఇస్తున్నామో, ఏ పనులు ఇవ్వడం లేదో, సీజన్ అయ్యాక ఏ లెక్క వస్తే ఇంకో పని ఇస్తామో రాయండి. అప్పుడు మీ మాట అడ్డంకిలా కాకుండా ప్లాన్‌లా కనిపిస్తుంది. మీ మెడకి చుట్టుకోకుండా ఉండాలంటే ఆ పేజీ కింద చిన్న సార్ సంతకం కూడా ఉండాలి.

ఇవన్నీ కాక, రేపు పొద్దున్నే చేయాల్సిన పని ఒకటుంది. ఆ రాత్రి ఘటన మీద టూల్ రికార్డులో ఇప్పుడు ఏముందో తెరిచి చూడండి. 'కారణం: విద్యుత్ అంతరాయం. 5.10కి పరిష్కారమైంది' అనే ఉండి ఉంటుంది. పంపు మాట ఉండదు, ఆపరేటర్ పేరూ ఉండదు. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఇలాగే జరిగితే టూల్ ఈ రికార్డునే తీసి చూపించి, పోయినసారి కరెంటు రాగానే అదే సర్దుకుంది అంటుంది. దాన్ని దిద్దండి. కండెన్సర్ పంపు స్టార్టర్ ట్రిప్ అయింది, 4.30కి ఫలానా ఆయన చప్పుడు లేదని గమనించి వెళ్లి రీసెట్ చేశారు అని పేరు పెట్టి రాయండి. రాసింది ఆయనకి చదివి వినిపించండి. ఇంకేమైనా వదిలేశారేమో ఆయనే చెబుతారు.